వెంకటరత్నం గారి తప్పు తాళం

వెంకటరత్నం గారికి సంగీతమంటే ప్రాణం. తాళానికి మాత్రం ఆయనంటే బద్ధవైరం! మండపేటలో తన బట్టల కొట్టు పైనున్న హాలును సంగీత సభకు ఊరికే ఇచ్చిన పెద్దమనిషి, ముందు వరసలో కూర్చుని తొడ మీద టపటపా వేసే దెబ్బల్లో ఒక్కటీ సరైన చోట పడేది కాదు. చోటిచ్చిన మారాజును ఎవరు కాదంటారు? పాడేవాళ్ళు కళ్ళు మూసుకునేవారు. పక్క కుర్చీలోంచి భార్య సీతారామలక్ష్మి చెయ్యి చాచి ఆయన చేతిని అదిమిపట్టేది. ఆయన కాసేపు ఊరుకుని, మళ్ళీ మొదలు.

ఆయన పోయి రెండు నెలలైంది. ఆవిడ కంట చుక్క రాలలేదు. "ఏడవమ్మా, గుండె తేలికవుతుంది" అని చుట్టాలంతా చెప్పారు. వస్తే కదా ఏడవడానికి! పెడితే తినేది, పడుకోమంటే పడుకునేది. "వదినా, ఆ హాల్లో స్టాకు పెట్టుకుందాం. సంగీతం వాళ్ళకి మీరే చెప్పేయండి" అని మరిది హరిబాబు అంటే, దానికీ సరేనంది. ఏదైతేనేం అనిపించింది.

ఈ ఏటి కచేరీ అయ్యాక అప్పాజీకి చెప్పేద్దామనే వచ్చింది. అప్పాజీ రిటైరైన లెక్కల మాస్టారు. సభకు జంపఖానాలు పరిచేదీ, మైకు చూసుకునేదీ, పాడేవాళ్ళకి మిరియాల పాలు కాచేదీ ఆయనే.

"అయ్యగారి కుర్చీ తియ్యలేదమ్మా. మనసొప్పలేదండి" అన్నాడు.

"ఉండనివ్వండి మాస్టారూ" అంది. ఈ ఒక్క సాయంత్రానికే కదా అనుకుంది.

కాకినాడ నుంచి వచ్చిన సారిక గారు పాడుతుంటే జనం తలలూపారు. సీతారామలక్ష్మికి మాత్రం పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపించిందంతే. పాట ఊపందుకుంది. మృదంగం జోరెక్కింది. ఆయన రెచ్చిపోయేది సరిగ్గా ఇక్కడే. ఆవిడ చెయ్యి దానంతటదే పక్కకు వెళ్ళి గట్టిగా అదిమింది.

కుర్చీ చెక్క చల్లగా తగిలింది.

అయ్యో, అదిమిపట్టడానికి చెయ్యేదీ! హాల్లో తాళం ఒక్క తప్పు లేకుండా ఎంత చక్కగా నడుస్తోందో అప్పుడు వినబడిందావిడకి. ఆ చక్కదనం భరించలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. సారిక ఆపబోతే, పాడమని చేత్తోనే సైగ చేసింది.

మంగళం అయ్యాక అప్పాజీ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"హాలు సంగతి మీరేదో చెప్తారన్నారండి మీ మరిదిగారు" అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది.

"స్టాకు ఇంకెక్కడైనా పెట్టుకోమని చెప్తాను మాస్టారూ. ఆయన పోయారని ఇంట్లో ఇన్నాళ్ళూ నాకు తెలియలేదండి. ఇక్కడే తెలిసింది. ఇది కూడా తీసేస్తే నేనెక్కడ కూర్చుని ఏడవను?"