సున్‌దొక్ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్

సియోల్‌లోని పాత ఎలక్ట్రానిక్స్ బజారులో, మూడో అంతస్తులో మాన్‌సొక్ కొట్టు. గిటారు వాయించేవాళ్లకి వాల్వుల యాంప్లిఫైయర్లు సొంతంగా కట్టి ఇవ్వడంలో ఇరవయ్యేళ్లుగా అతనిదే పేరు. పై అంతస్తులో అతని భార్య సున్‌దొక్ తన కొట్లో, యాంప్లిఫైయర్లలో బిగించే ట్రాన్స్‌ఫార్మర్లకి రాగితీగ చుట్టేది. ఎన్ని చుట్లో అతను కాగితం మీద రాసి పంపేవాడు. ఆవిడ అన్నే చుట్టి పంపేది.

రెండు కొట్ల అవతల జేగ్యు టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. ఏడాది కిందట తనూ ఓ యాంప్లిఫైయర్ కడతానంటే మాన్‌సొక్ పగలబడి నవ్వాడు.

"తీగలు అతికించడం కాదురా, చెవి ఉండాలి."

ఓ శనివారం మధ్యాహ్నం చాంగ్‌మో వచ్చాడు. క్లబ్బుల్లో గిటారు వాయించే మనిషి, మొదటినుంచీ మాన్‌సొక్ యాంప్లిఫైయర్ తప్ప ముట్టనివాడు.

"అన్నా, జేగ్యు కట్టింది విన్నావా?"

"వినాలా?"

"విను. నేనైతే తీసేసుకుంటున్నా."

మాన్‌సొక్ ఏమీ తెలియనట్టు మొహం పెట్టి అతనితో జేగ్యు కొట్టుకి వెళ్లాడు. చాంగ్‌మో మెల్లగా మీటితే నిండు గొంతున్న మనిషి పక్కన కూచుని మాట్లాడినట్టుంది. గట్టిగా మీటితే ఆ గొంతు జీరబోయిందే గాని, లావు తీగ నాదం చెదరలేదు. ఇరవయ్యేళ్లుగా తను వెతుకుతున్న నాదం అది. అది నిన్నగాక మొన్న మొదలెట్టినవాడి రేకుపెట్టెలోంచి వస్తోంది.

"పర్లేదు. వెనక ఓసారి విప్పు," అన్నాడు జేగ్యుతో.

వాల్వులు మామూలువే. అతుకులు తన అతుకులంత శుభ్రంగా కూడా లేవు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద చూపు పడింది. దాని తీగల కొసల్ని మైనం దారంతో కట్టిన ముడి ఎడమకి వాలి ఉంది. ఎడమచేతివాటం మనిషి వేసిన ముడి. ఆ బజారులో అలా కట్టేది ఒక్కతే.

అంతదాకా కుళ్లు ఆ నాదం మీదే. ఇప్పుడది ఎక్కడో లోపలికి దిగింది. మెట్లెక్కాడు.

"జేగ్యుకి చుట్టిచ్చావా?"

"ఇచ్చాను," అంది సున్‌దొక్, తీగ మీంచి చూపు తిప్పకుండా. "కొట్టు తెరిచింది అందుకేగా."

"వాడికో రకం, నాకో రకమూనా?"

"నువ్వు కాగితం పంపిస్తావు. అందులో ఉన్నట్టు చుడతాను. అతను కాగితం తేలేదు. 'వదినా, నీకైతే ఎలా చుట్టాలనుంది?' అనడిగాడు."

"ఎలా చుట్టావు?"

"వాల్వు వైపు తీగ సగం, దానిమీద స్పీకరు వైపు తీగ, ఆపైన మిగతా సగం. పదేళ్ల కిందట నీకూ చెప్పాను. 'రాసింది చుట్టవే' అన్నావు."

అలా అన్నట్టు మాన్‌సొక్‌కి గుర్తులేదు. అనలేదని మాత్రం చెప్పలేకపోయాడు.

"ఎన్నిసార్లొచ్చాడు?"

"నాలుగైదుసార్లు. కాఫీ తెచ్చేవాడు."

"కాఫీ కూడానా."

"మొదటిసారి పంచదార ఎక్కువైంది. చెబితే తగ్గించాడు."

మాన్‌సొక్ పెళ్లాం కాఫీలో పంచదార ఎంత వేసుకుంటుందో గుర్తుచేసుకోబోయాడు. గుర్తురాలేదు.

నాలుగు రోజులు ముభావంగా తిరిగాడు. అయిదో రోజు పొద్దున్నే పైకెళ్లి నిలబడ్డాడు. చేతిలో కాగితం లేదు.

"నాకూ ఒకటి కావాలి. నీకు తోచినట్టు చుట్టు."

"చుడతాను. నీ ముందు ఇద్దరున్నారు."

"నేను మొగుణ్ణి కదే."

"కింద నీ కొట్లో ముందొచ్చినవాడికే ముందంటావుగా."

అతని వంతు రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. యాంప్లిఫైయర్ కట్టాక చాంగ్‌మోని పిలిచి వాయించమన్నాడు. చాంగ్‌మో చాలాసేపు వాయించి, తలూపాడు.

"బాగుందన్నా. అచ్చం జేగ్యు దాన్లాగే ఉంది."

మాన్‌సొక్ పళ్లు బిగించి స్విచ్చి ఆపాడు. తర్వాత చాంగ్‌మోని గిటారు పట్టుకుని రమ్మని, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, సున్‌దొక్‌కి వినిపిద్దామని మెట్లెక్కాడు.