సముద్రపు తొట్టెలో నల్ల ఇసుక

రూతు పొద్దున్నే లేచి ముందు పొయ్యి వెలిగించదు. వరండాలో ఉన్న ఉప్పునీటి తొట్టె దగ్గరికెళ్లి, అడుగున ఇసుకలో పాదాలు లెక్కపెడుతుంది. ఆ రోజు ఇంటికి ఎవరొస్తారో వాళ్ల పాదాలు బియ్యపు గింజంత గుర్తులై తెల్లారేసరికి అక్కడ ఉంటాయి. ఇంటివాళ్లవి మాత్రం పడవు. ఆ లెక్కను బట్టే ఎసట్లో బియ్యం. చెప్పాపెట్టకుండా ఊడిపడే చుట్టాల బెడద లేదని వీధిలో ఆడవాళ్లు కుళ్లుకునేవారు, అంతే.

తొట్టె ఆమె భర్త జయరాజుది. బందరులో పుట్టిన డ్రాయింగు మాస్టరు. సముద్రం లేని బెంగుళూరులో ఉండలేక, మదరాసు మెయిల్లో డబ్బాలతో సముద్రపు నీళ్లు తెప్పించి, పగడపు రాళ్లూ చారల చేపలూ పెట్టుకున్నాడు.

చిక్కంతా ఇసుక రంగుతో వచ్చింది. గుల్లల తెల్ల ఇసుకలో గుర్తులు సరిగా ఆనవు. మొన్న ఇద్దరనుకుంటే ఐదుగురు దిగారు, ఉప్మా చాల్లేదు. చేపలు కూడా జ్వరమొచ్చినట్టు పాలిపోయాయి. చిక్కపేటలో అద్దాలు కోసే ఓబళప్ప, ఆ తొట్టె చేసినాయన, నల్లరాతి నూక సంచీ తెచ్చి గుమ్మంలో దించాడు.

"నల్లది వెయ్యమ్మా. చేపకు రంగొస్తాది, అడుగూ తేటగా ఉంటాది."

రూతు ససేమిరా అంది. నర్సు కదా, తెలుపైతేనే మురికి కనపడుతుందని వాదించింది. అసలు సంగతి వేరు. పెళ్లయి పదకొండేళ్లు. రోజూ ఆమె వెతికేది చంటిపిల్ల పాదాల కోసం. తెల్ల ఇసుకలో ప్రతి గుంటా ఇదేనేమో అనిపించేది. నల్లదాని మీదైతే లేనిది లేనట్టే కనపడుతుంది.

ఆమె పనిచేసే ఆస్పత్రిలో తల్లి పోయిన తొమ్మిది నెలల పిల్లమ్మ రూతు చంకలోనే పెరుగుతోంది. సోమవారం హొసకోటె అవతలి అనాథ శరణాలయానికి పంపేస్తారు. ఇంటికి తెచ్చుకోవాలని ప్రాణం పీకుతోంది. తెచ్చుకుంటే ఇక కడుపు పండదని ఒప్పుకున్నట్టేనని భయం. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఇదంతా భర్తతో చెప్పి ఏడ్చింది.

"అయితే తెల్లదే ఉండనీ," అన్నాడు జయరాజు. "చేపలకు నేను సర్దిచెప్తాలే."

రూతుకు నవ్వొచ్చింది. నవ్వాక పంతం నిలవలేదు. ఇంటికి రాగానే ఆ నల్ల ఇసుకను ఇంజెక్షన్ సూదుల్లా అరగంట ఉడికించి, చల్లార్చి, తన చేత్తోనే తొట్టెలో పరిచింది. ఇసుకను ఉడికించినావిణ్ణి పుట్టి బుద్ధెరిగాక చూడలేదన్నాడు ఓబళప్ప.

సోమవారం పొద్దున పాలు పోసే కదిరమ్మ పాదాలు గీసినట్టు కనపడ్డాయి. వాటి పక్కన రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, అద్దం దగ్గర్నుంచి పగడపు రాయి దాకా పాక్కుంటూ వెళ్లాయి. ఎత్తుకొచ్చేవాళ్ల అడుగులు ఎక్కడా లేవు. అంటే తెచ్చేది ఇంటి మనిషే.

రూతు పొయ్యి మీద రాగిజావ పెట్టింది.

"ఏమండీ, అడుగంటకుండా కలుపుతుండండి. నేను పాపను తీసుకొస్తా."

జయరాజు గరిటె అందుకున్నాడు.

ఆమె వెళ్లేసరికి హొసకోటె బండి ఆస్పత్రి గేటు దగ్గర సిద్ధంగా ఉంది. ఆయా చేతుల్లోంచి పిల్లమ్మను తీసుకుని, చెయ్యాల్సిన సంతకాలన్నీ నిలబడే చేసింది. సాయంత్రానికి ఆ పిల్ల వరండా అంతా పాకి, తొట్టె అద్దానికి జావ పూసింది.

మర్నాడు తెల్లారగానే రూతు అలవాటుగా తొట్టెలోకి వంగి చూసింది. కదిరమ్మ పాదాలున్నాయి. చంటిపిల్ల గుర్తు ఒక్కటీ లేదు. నల్ల ఇసుక మీద లేనిది లేనట్టే, తేటగా కనపడింది. పట్టలేని సంతోషంతో ఆమె లోపలికి పరుగెత్తి జయరాజును నిద్రలేపింది.