మూడో లైను కొట్టెయ్

మా బ్లడ్ బ్యాంకులో పెత్తనమంతా వదినదే. రక్తం ఇచ్చేవాళ్ల వివరాలన్నీ ఒకే సర్వరులో ఉండేవి. వాటిని ఒకరు దిద్దుతుంటే మిగతావాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. అందుకని అందరూ ఎవరి బల్ల దగ్గర వాళ్లు ఉండి ఒకే పట్టికలు దిద్దుకునే సాఫ్ట్‌వేరు తెప్పించింది. అదీ బయటి కంపెనీ చేతిలో కాదు, మన సర్వరు మీదే ఉండాలని పంతం. దానికి సర్వరును సిద్ధం చేసే పని నా నెత్తిన పడింది. మరిదంటే అంత చులకన.

కింది అంతస్తులో కిటికీ లేని గది. ఏసీ హోరుకి చెవులు దిబ్బళ్లు పడుతున్నాయి. బల్ల మీద వదిన ప్రింటు తీసి ఇచ్చిన నాలుగు లైన్లు. మొదటిది కొత్త డిస్కును తగిలిస్తుంది. రెండోది పాత డిస్కులోని వివరాలను అందులోకి కాపీ చేస్తుంది. మూడోది పాత డిస్కును తుడిచేస్తుంది. నాలుగోది, అప్పటిదాకా మూసి ఉంచిన పట్టికలను మళ్లీ తెరుస్తుంది.

కాపీ సగం కూడా కాకముందే ఫోను మోగింది.

"అబ్బాయ్, పైన ఓ పసిపిల్లకి అర్జెంటుగా రక్తం కావాలి. ఎక్కడా దొరకని గ్రూపు. ఇచ్చేవాళ్ల నంబర్లు నీ దగ్గరే ఇరుక్కున్నాయి. కాపీ ఆపెయ్. మూడో లైను కొట్టేసి, నాలుగోది నడుపు."

"కొట్టెయ్యమంటావా వదినా?"

"తెలుగులోనే చెప్తున్నా కదా నాయనా. కొట్టెయ్. ఫోను మాత్రం పెట్టెయ్యకు."

ఒళ్లు మండింది. కాపీ పూర్తికాకుండా పాతది తుడిచేస్తే ఇంకేం మిగులుతుంది? ఇంకో కాపీ ఎక్కడైనా దాచిందేమో. అడుగుదామంటే, "నీకు వివరించేలోపు నేనే చేసుకుంటా" అంటుంది. కాపురానికొచ్చిన నాటి నుంచీ నాతో ఆవిడ వరస అదే. సరే, చెప్పింది చేద్దాం అనుకున్నాను.

కాపీ ఆపి, మూడో లైను కొట్టాను. తెర మీద ప్రశ్న వచ్చింది. ఈ డిస్కులో వివరాలున్నాయి, అయినా తుడిచేయాలా అని. అవునంటే వై నొక్కి, ఎంటర్ నొక్కాలి.

వై నొక్కాను. చిటికెన వేలు ఎంటర్ మీదికి వెళ్లింది.

"ఏంటా టకటకలు?" అంది వదిన ఫోనులోంచి.

"నువ్వు చెప్పిందే. కొడుతున్నా."

"కొట్టెయ్యడానికి కీబోర్డెందుకు? పెన్ను లేదా నీ దగ్గర?"

నా వేలు అక్కడే బిగుసుకుపోయింది. మా కంప్యూటర్ల పనిలో కమాండును ఎవరూ రాయరు, కొడతారు. ఆవిడ ల్యాబులో తప్పు పడ్డ అంకెను కొట్టేస్తారు, అంటే అడ్డంగా గీత గీస్తారు. పాతికేళ్లుగా పోగైన రక్తదాతలు ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నారు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వై చెరిపి, వద్దని చెప్పాను. పాత డిస్కు మీదే నాలుగో లైను నడిపాను. పట్టిక తెరుచుకుంది.

"వచ్చింది, వచ్చింది" అంది వదిన. "ఇద్దరున్నారు." పక్క ఫోనులో ఎవరితోనో మాట్లాడటం వినిపించింది. మొదటాయన ఎత్తలేదు. రెండో ఆవిడ ఎత్తి, ఆటో ఎక్కుతున్నానంది.

నోరు మూసుకుని ఉంటే పోయేది. ఉండలేకపోయాను.

"వదినా, నువ్వు కొట్టెయ్ అంటే టైపు చెయ్యమన్నావనుకున్నా. వై నొక్కేశాను."

పక్క ఫోను పెట్టేసిన చప్పుడైంది.

"ఎంటర్?"

"లేదు."

వదిన గొంతు బాగా తగ్గిపోయింది. "పిల్ల తల్లి ఇక్కడే ఉంది. నా చెయ్యి పట్టుకుని వదలట్లేదు. నీ మేలు మర్చిపోనమ్మా అంటోంది. ఏం చెప్పమంటావ్ నన్ను?"

"ఏం చెప్పకు వదినా" అన్నాను.