వంతెన గోడ మీద తెల్లగీత

మా వంటింటి వెనక కాలువ నా పెళ్లికి ముందే ఎండిపోయింది. పాత సైకిళ్లు, ఇనప మంచాలు, ఒకసారి ఏకంగా ఒక పియానో కూడా జనం అందులో పారేశారు. నాకదే నిశ్చింతగా ఉండేది. ఎండిన కాలువలో ఎవరూ మునగరు కదా.

మూడేళ్ల కిందట బెర్నార్డ్ పిట్ అనే రిటైరైన మెకానిక్ పదిమందిని వెంటేసుకొచ్చి, ఆదివారాల్లో దాన్ని బాగుచేయడం మొదలుపెట్టాడు. జీతం లేని పని. ఆ పదిమందిలో మా అమ్మాయి రోవీనా ఒకతి. బర్మింగ్‌హామ్‌లో నర్సు ఉద్యోగం చేసుకుంటూ, క్రిస్మస్‌కి తప్ప ఇంటి మొహం చూడని పిల్ల, కాలువ పుణ్యమా అని ప్రతి ఆదివారం రాసాగింది. నన్ను చూడ్డానికి కాదని తెలుసు. అయినా బురద బూట్లు నా గుమ్మం దగ్గరే విప్పేది, నేను పెట్టిన టీనే తాగేది.

నాకేమో ఒకటే భయం. కాలువ పాత గట్టుగోడ కూలి దాని మీద పడుతుందేమో, తుప్పు ఇనుము గుచ్చుకుని ధనుర్వాతం వస్తుందేమో. మాటిమాటికీ వెళ్లి చూసొచ్చేదాన్ని.

"వచ్చేశారండీ మన పోలీసు!" అనేవాడు బెర్నార్డ్. "ఐవీ గారూ, ఇవాళ మమ్మల్ని దేంతో చంపుతున్నారు? పిడుగా, పామా?"

"నవ్వండి, నవ్వండి. దెబ్బ తగిలాక కట్లు కట్టాల్సింది నేనేగా."

"కట్లకి నేనున్నాగా అమ్మా. నువ్వు కేకు తే, చాలు," అనేది రోవీనా.

పోయిన అక్టోబరులో కాలువ అడుగున బంకమట్టి పరిచారు. ఆ మట్టిని అందరూ వరసగా చేతులు పట్టుకుని, ముద్దలా మెత్తబడేదాకా బూట్లతో తొక్కాలి. అప్పుడే నీరు ఇంకకుండా నిలుస్తుంది. వరసలో ఒకరు తక్కువయ్యారని నన్నూ దింపారు. రోవీనా నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు బడికి రోడ్డు దాటించాక మళ్లీ అదే.

తొక్కుతుంటే బూటు కింద ఏదో గట్టిగా తగిలింది. వంగి వేలితో తడిమాను. బొటనవేలంత లావు చెట్టువేరు. మట్టిలో వేరు ఉండిపోతే అది కుళ్లి, ఆ సందులోంచి కాలువ మొత్తం ఖాళీ అయిపోతుందని బెర్నార్డ్ పొద్దున్నే అందరికీ చెప్పాడు. ఖాళీ అయితే మళ్లీ తవ్వాలి. మళ్లీ ఆదివారాలు వస్తాయి. నా కాలు ముందుకు పడలేదు.

"ఏంటమ్మా, కాలు పట్టేసిందా?"

దాని చెంప నిండా మట్టి. అంత సంతోషంగా దాన్ని చూసి ఎన్నాళ్లయిందో.

"ఇక్కడ వేరుందే," అన్నాను.

"విన్నారా! మా అమ్మ భయం ఊరికే పోదు!" అని అరిచింది. పారలు పట్టుకుని ముగ్గురు పరిగెత్తుకొచ్చారు.

ఏప్రిల్‌లో నీళ్లు వదిలారు. బ్యాండు వాయించారు, మేయరు మాట్లాడాడు. రోవీనా నిలబడ్డ పడవ లాకు గేట్ల మధ్య నీళ్లతోపాటు కిందికి దిగుతుంటే నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఎవరూ మునగలేదు. సాయంత్రం పనిముట్లు వ్యానులో సర్దాక బెర్నార్డ్ మా ఇంటి పక్క వంతెన గోడ మీద, నీటిమట్టానికి తెల్లరంగుతో గీత గీశాడు.

"నీళ్లు దీనికన్నా కిందికి జారితే ఫోన్ చెయ్యండి. ఆ ఆదివారమే అందరం వచ్చి వాలిపోతాం."

"జారకపోతే?"

"ఇంకేం కావాలండీ! వేల్స్ వైపు ఇంకో కాలువ మాకోసం ఏడుస్తోంది."

రోవీనా నా బుగ్గ మీద ముద్దుపెట్టి వ్యానెక్కింది. "చలిలో గట్టు మీద తిరక్కమ్మా."

రోజూ పొద్దున్నే తిరుగుతూనే ఉన్నాను. బాతులొచ్చాయి. పక్కింటి పిల్లలు అంచున నడిస్తే గొంతు పోయేలా అరుస్తాను. తర్వాత వంతెన దగ్గర వంగి గీత చూస్తాను, ఆదివారమైతే ఇంకాస్త సేపు. జూన్‌లో చినుకు పడలేదు, అయినా నీళ్లు వెంట్రుకవాసి తగ్గలేదు. అంత బాగా తొక్కాం. ఇంట్లోకొచ్చి చూస్తే, ఇవాళ కూడా పదిమంది టీకి సరిపడా పెద్ద కెటిల్ నిండా నీళ్లు పెట్టేశాను.