కోడిపిల్ల లాగిన దారం

ఎలియాజార్ మగ్తిబాయ్‌ని 2017 మార్చి 9, గురువారం పొద్దున, వీధి కుళాయి దగ్గర ఒళ్ళంతా సబ్బు నురుగుతో ఉండగా పోలీసులు కాల్చి చంపారు. తిరగబడ్డాడు గనక కాల్చామని రాసుకున్నారు.

మనీలా రేవు పక్కన ఆ సందులో పొద్దున్నే ఒకటే తంతు. రేవులో ఐసు దిమ్మలు మోసి వచ్చిన మగవాళ్ళు కుళాయి దగ్గర వరస కడతారు. ఎవడో ఒకడు పాట అందుకుంటాడు. ఆడవాళ్ళు ఎండుచేపలు వేయిస్తూ ఆ గొంతుని తిడతారు. ఆ గురువారం పాడింది ఎలియాజార్. "నీ పాట వింటే ఈ చేపలు మళ్ళీ చస్తాయిరా!" అని తల్లి పురిసిమా లోపల్నించి కేకేసింది. కొడుకుతో ఆవిడ ఆడిన ఆఖరి మాట అదే.

శవం చేతిలో తుపాకీ దొరికిందన్నారు. పరీక్షకి పంపితే నకిలీదని, చచ్చినా పేలదని తేలింది. అప్పుడు "అసలుదే అనుకున్నాం, పొరపాటు" అన్నారు. పొరపాట్లు కూడా వాళ్ళకి యూనిఫారంతో పాటే ఇస్తారు కాబోలు.

శవానికి మందెక్కించి, పూడ్చేదాకా ఇంట్లోనే పెట్టెలో ఉంచుతారక్కడ. చంపబడ్డవాళ్ళ పెట్టె మూత అద్దం మీద కోడిపిల్లని వదిలి బియ్యం చల్లడం అక్కడి ఆచారం. అది పొడిచే ప్రతి గింజా చంపినవాడి గుండెకి తగలాలని. ఎలియాజార్ పెట్టె మీద పిల్ల పొడిచినప్పుడల్లా గింజతో పాటు ముదురునీలం దారప్పోగు ఒకటి ముక్కున లేచివచ్చేది. గాజులోంచి దారమేమిటని ఎవరూ అడగలేదు. "చంపినవాడి చొక్కా ఊడుతోంది" అనుకుని, శవం దగ్గర జాగారానికొచ్చినవాళ్ళు మళ్ళీ పేకముక్కలు పంచుకున్నారు.

విచారణకి మానవహక్కుల ఆఫీసు నుంచి లుజ్విమిందా అనే ఆవిడ వచ్చింది. పురిసిమా ఆవిడకి కాఫీ ఇచ్చి, ముందుగానే తెగేసి చెప్పింది.

"నాకు ఎవరి ఉరీ వద్దమ్మా. తిరగబడ్డాడన్న ఆ ఒక్క మాటా తీయించు. ఆ మాట నెత్తిన పెట్టి నా బిడ్డని మట్టిలోకి పంపను. పెట్టె ఇక్కడే ఉంటుంది, కుళ్ళనీ."

"తుపాకీ నడుం దగ్గర్నించి తీశాడంటున్నారు పిన్నీ."

"నడుమా!" పురిసిమా నవ్వింది. ఆ నవ్వుకి పేకాటవాళ్ళు తలలు దించుకున్నారు. "వాడి నిక్కరు ఎలాస్టిక్ సాగిపోయింది. పిన్నీసు పెట్టుకుని నిలబెట్టేవాడు. అందులో సబ్బుబిళ్ళ పెట్టినా జారిపోయేది. కొత్తది కొనుక్కోరా అంటే, స్నానానికి సోకెందుకమ్మా అనేవాడు."

కాల్చిన పోలీసు పేరు దెల్‌ఫిన్ బకుంగన్. అతను విచారణకి ఇస్త్రీ చేసిన ముదురునీలం యూనిఫారం చొక్కాతో వచ్చాడు. గుండె దగ్గర గింజంత గింజంత చిల్లులు, వాటి మీద రఫ్ఫు.

"చొక్కాకేమైంది సార్?" అంది లుజ్విమిందా.

"చెదలు."

"చెదలు చెక్కని తింటాయి సార్."

"మా ఇంట్లో బట్టలే తింటాయి. మీరు అడగాల్సింది అడగండి మేడమ్."

"నకిలీ తుపాకీ ఎక్కడిది?"

"చచ్చినవాణ్ణి అడగండి." అన్నాడు గానీ, చెయ్యి గుండె మీదే పెట్టుకుని కూర్చున్నాడు. చూస్తుండగానే వేళ్ళ సందులోంచి ఇంకో పోగు జారింది.

విచారణ అంతకుమించి కదల్లేదు. సందులో అందరూ చూశారు, సంతకం పెట్టడానికి ఒక్కరూ రారు. వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు; వాళ్ళ ఇళ్ళలోనూ కుళాయి కింద నుంచునే కొడుకులున్నారు.

రెండో మంగళవారం మధ్యాహ్నం బకుంగన్ పెళ్ళాం విల్మా సంచి నిండా చొక్కాలతో పెట్టె దగ్గరికి వచ్చింది. దర్జీపని చేసే మనిషి. కళ్ళకింద గుంటలు.

"అక్కా, ఆ పిల్లని దించు. కుట్టలేక చస్తున్నాను. ఇవాళ కుడితే రేపటికి ఊడుతోంది."

"దారమైనా ఉంది నీకు," అంది పురిసిమా. "నా కొడుకు ఒంటి మీది చిల్లు దేంతో కుట్టను? చెప్పు, దర్జీదానివిగా."

విల్మా సంచి కింద పెట్టింది. పెట్టె మీదికి వంగి అద్దంలోంచి ఆ మొహం చూసింది. తరవాత అద్దం మీది దారాల కుప్పలోంచి ఒక పోగు తీసి వేళ్ళ మధ్య నలిపింది. "ఇది నా దారమే."

అక్కడే ఉన్న లుజ్విమిందా తన సంచిలోంచి నకిలీ తుపాకీ ఫొటో తీసి ఆమె ముందు పెట్టింది. పగిలిన పిడికి ముదురునీలం దారం చుట్టి ఉంది. చివర చిన్న ముడి.

విల్మా ఫొటోలోని ముడి మీద వేలు పెట్టింది. పేకాట ఆగిపోయింది.

"ముడి కూడా నాదే," అంది. "మా పిల్లాడి బొమ్మతుపాకీ ఇది. బళ్ళో నాటకానికి పట్టుకెళ్ళి విరగ్గొట్టుకొచ్చాడు. యూనిఫారం కుట్టగా మిగిలిన దారంతో నేనే చుట్టాను. నా బొమ్మేదమ్మా అని రోజూ అడుగుతున్నాడు. ఎక్కడో పోయిందిలే అన్నాడు వాళ్ళ నాన్న. నేను..." చేతిలో పోగుని వేలికి చుట్టుకుంది. "నేను వెతకలేదక్కా. వెతికితే ఇంట్లో లేదని తేలిపోతుందని వెతకలేదు."

"ఇది రాసిస్తే మీ ఆయన జైలుకెళ్తాడు," అంది లుజ్విమిందా మెల్లగా.

"తెలుసు."

"కొడుక్కేం చెప్తావే?" అని పురిసిమా అడిగింది. ఈసారి ఆ గొంతులో పదును లేదు.

"బొమ్మ దొరికిందని చెప్తాను."

విల్మా పెన్ను అందుకుంది. అద్దం మీద కోడిపిల్ల పొడవడం మానేసి, దారాల కుప్పలో గూడు చేసుకుని, రెక్కలోకి తల దూర్చింది. పురిసిమా దాన్ని నిద్ర లేపకుండా పక్కకి జరిపి, అద్దం మీద చెంప ఆనించింది.

"పాడరా," అంది కొడుకుతో. "ఈసారి ఏమీ అననులే, పాడు."

అందరూ కాసేపు విన్నారు.

లుజ్విమిందా తన నివేదికలో, పోలీసులు చెప్పినట్టు రాసుకున్న 'తిరగబడ్డాడు' అన్న మాటకి అడ్డంగా గీత కొట్టి, పైన 'స్నానం చేస్తున్నాడు' అని రాసింది. కింద విల్మా సంతకం. సంతకం కింద తేదీ: 2017 మార్చి 21, మంగళవారం.