నీలిరంగు వాటా

భద్రమ్మ వాళ్ల ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు ముందు నవ్వుకునేవారు, ఆ తర్వాతే కూర్చునేవారు. వరంగల్ బజారులో అంత మంచి టేకు ఇల్లు. నడిమింట్లో నిలబడి చూస్తే ఎడమవైపు దర్వాజాలు, కిటికీ చట్రాలు అన్నీ నీలం, కుడివైపువన్నీ ఆకుపచ్చ. నడుమనున్న పెద్ద దూలానికి సగం ఆ రంగు, సగం ఈ రంగు. అన్నదమ్ములు కొట్లాడుకుని వేరుపడిన రోజుల్లో, ఇంటి నడుమ గోడ లేపితే బావిలో దూకుతానని వాళ్ల నాయన మొండికేశాడు. పెద్దమనుషులు తలలు గోక్కుని, సరే, రంగులేసుకోండయ్యా అన్నారు. కాగితం లేదు, గోడ లేదు. నీలం పెద్దవాడు రామలింగానిది, ఆకుపచ్చ చిన్నవాడు వెంకట్రాజానిది, అంతే.

ఇప్పుడు ఆ ముసలాయన లేడు, ఆ పెద్దమనుషులూ లేరు. రామలింగం పోయి మూడేళ్లు దాటింది. పిల్లాజెల్లా లేని అతని భార్య భద్రమ్మ ఆ నీలం దర్వాజాల లోపల ఎవరికీ తలవంచకుండా, తన గొళ్లెం తానే వేసుకుని బతుకుతోంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి బజార్లో వార్నీషు డబ్బాలు మళ్లీ దొరుకుతున్న ఎండాకాలం, మరిది వెంకట్రాజం వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

"వదినె, మా పిలగానికి నర్సంపేట సంబంధం కుదిరేటట్టున్నది. పిల్ల తరుపోళ్లు ఇల్లు చూడనీకి వస్తాండ్లు. ఈ రెండు రంగులు చూస్తె ఏమనుకుంటరు? అంత గీకిపిచ్చి ఒక్కతీరు వార్నీషు కొట్టిద్దాం. నా దిక్కు, నీ దిక్కు అని ఇంకెన్నేండ్లు?"

ఆ మాట అంటుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడు పోయాక తనను కలుపుకుని మాట్లాడిన మనిషి లేడు. భద్రమ్మ మనసు కరిగిపోయింది. "గట్లనే కానీ రాజం" అనేసింది.

వడ్రంగం చేసే వడ్ల కట్టయ్య వచ్చాడు. సున్నంలో బట్టల సోడా కలిపి ముద్ద చేసి చట్రాలకు పట్టించి, పైన తడి గోనెలు కప్పాడు. రంగు మెత్తబడి పొరలు లేచాక గాజుపెంకుతో గీకడం మొదలుపెట్టాడు. నీలం కింద ఏనాటిదో ఎర్రటి జాజురంగు, అదీ పోతే అసలు టేకు. సున్నానికి కర్ర నల్లబడకుండా పులుసునీళ్లతో కడగాలన్నాడు. భద్రమ్మ కుండలో దాచుకున్న చింతపండంతా తీసి ఇచ్చింది. ఇచ్చి ఊరుకుందా, కొంగు బిగించి తానే పీచు పట్టుకుని తోమింది. తన వాటాను తన చేతులతోనే కడిగి పారబోస్తున్నానన్న సంగతి ఆ పిచ్చితల్లికి తట్టనేలేదు.

పని ముగిశాక చూస్తే ఇల్లంతా ఒకటే తీరు. అంతలో తోడికోడలు అనసూయ కూలీచేత మిరప బస్తాలు మోయించుకుని వెనక అర్రలోకి పోతోంది.

"ఖాళీగనే ఉన్నది గదా అక్కా, ఈడ పెట్టిస్తున్న" అంది.

భద్రమ్మ ఆమె వెనకే నడిచింది. ఆ అర్ర తనదే. కాదా? దర్వాజా వైపు చూస్తే ఉత్త టేకు కనిపించింది.

"రాజం, గా అర్ర నా దిక్కుది గాదా?"

"ఇగ నీది నాది ఏంది వదినె? ఇల్లంత నీదే" అని నవ్వాడు వెంకట్రాజం. ఆ పూట ఆమెకే ముందు విస్తరి వేయించాడు, దగ్గరుండి నెయ్యి వడ్డించాడు.

భద్రమ్మ అన్నం కలుపుతూ కూర్చుంది. ఇది ప్రేమా, మోసమా? మోసమైతే ఇంత మర్యాదెందుకు? ప్రేమే అయితే తన కడుపులో ఈ మంటెందుకు? పోనీ ఎవరికైనా చెప్పుకుందామంటే, ఇల్లంతా నాకే ఇచ్చారని ఏ ముఖం పెట్టుకుని ఏడ్వాలి? తనదే పాడుబుద్ధేమోనని తనను తాను తిట్టుకుంది. కాసేపటికి మళ్లీ మరిదినే తిట్టుకుంది.

తెల్లారి లేచేసరికి ఆమె గిన్నెలూ డబ్బాలూ అనసూయ వంటింట్లో వరసగా సర్ది ఉన్నాయి. ఇద్దరాడవాళ్లకు రెండు పొయ్యిలెందుకట. భద్రమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపలికి పోవాలో ఆగాలో తెలియలేదు.

"అనసూయా, జర చాయ పెట్టుకోనా?"

"అడుగుడేందక్కా, పెట్టుకో" అంది అనసూయ, ఎంతో ఆప్యాయంగా.

భద్రమ్మ చాయ పెట్టుకుంది. చక్కెర డబ్బా మూత తీసి, చెంచా పట్టుకుని, ఎంత వేసుకోవచ్చో తెలియక అట్లాగే నిలబడిపోయింది.