కన్ను అంది, కళ్ళు అనలేదు

అయినా టీ గ్లాసులో కాక పక్కన పోసిననాడే నాకు అనుమానం రావాల్సింది, గట్టు మీద పారుతున్న టీని గుడ్డతో అద్దుతూ చీకట్లో కనబడలేదులే అంది అత్తయ్య, మేముండే ఈ ఇర్వింగ్‌లో పదకొండు గంటల ఎండ వంటింట్లో నిండుగా పడి ఉంటే చీకటి ఎక్కడిది, ఇప్పుడీ ఆస్పత్రి మంచం మీద తల ఎడమకి తిప్పి పడుకుని నన్ను చూస్తోంది, అలా తిప్పితే ఇద్దరు ఒక్కరవుతారట, నెల నుంచీ టీవీ కూడా అలాగే చూస్తోంది, నేను గమనించాను, మెట్టు దిగబోతూ కాలితో తడుముకోవడం, ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఫోన్ చూడటం, అన్నీ గమనించి, ఊరి మీద బెంగ అనుకున్నాను, ఒక్క కోడలితోనే వేగలేక చస్తుంటే ఇద్దరు కనబడుతున్నారేంటే అంది ఒకరోజు, మా ఆయన నీరజ్ పగలబడి నవ్వాడు, ఇద్దరిలో మంచిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని రిటర్న్ చేసేద్దాంలే అమ్మా అన్నాడు, నేనూ నవ్వాను, లోపల మాత్రం చురుక్కుమంది, ఎత్తిపొడుపనుకున్నాను మరి, ఆవిడ తన జబ్బు చెప్పుకుంటుంటే నన్నంటోందనుకున్నాను.

ఆ మర్నాడే కదా క్లినిక్, నీరజ్ ఆఫీస్‌లో ఉన్నాడు, నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను, ఏమిటి ఇబ్బంది అని నర్సు అడిగితే అత్తయ్య నా వైపు తిరిగి కన్ను తిరుగుతోందని చెప్పవే అంది, డిజ్జీ అన్నాను నేను, తడుముకోలేదు, మా ఊరి బళ్ళో టీచరు బోర్డు మీద రాసి పదిసార్లు పలికించిన మాట, కళ్ళు తిరగడం అంటే గిడ్డీనెస్, ఇక్కడ దాన్ని డిజ్జీ అంటారని వచ్చాక నేర్చుకున్నాను, అడగ్గానే నోటికొచ్చిందని మురిసిపోయాను కూడా, అత్తయ్య ఇంకా ఏదో అనబోతూ వేలు ముక్కు వైపు చూపించింది, ఉండండత్తయ్యా, చెబుతున్నానుగా అన్నాను, చెవిలో తేడా అయి ఉంటుందని మాత్రలిచ్చారు, నీళ్ళు బాగా తాగమన్నారు, కన్ను అంది, కళ్ళు అనలేదు, ఒక్క కన్ను, నిజంగానే ముక్కు వైపు తిరిగిపోతున్న కన్ను, మూడు వారాలు మజ్జిగలో ఉప్పేసి ఇచ్చాను.

నిన్న కళ్ళజోడు మారుద్దామని వెళితే కళ్ళ డాక్టరు లైటు వేసి చూసింది, మళ్ళీ చూసింది, కంటి వెనక నరాలు ఉబ్బాయి, ఇంటికెళ్ళకండి, ఇటునుంచిటే ఎమర్జెన్సీకి వెళ్ళండి అంది, స్కాన్‌లో తెల్లగా ఉసిరికాయంత గడ్డ, తల లోపల ఒత్తిడికి కంటిని తిప్పే నరం నలిగిందట, ఆ క్లినిక్ వాళ్ళకి ఏమీ రాదు బావా, డిజ్జీ అట, సూ చేస్తాను, కోర్టుకి లాగుతాను అని నీరజ్ పొద్దుట కారిడార్‌లో వాళ్ళ బావతో ఫోన్‌లో అరుస్తుంటే గోడ వైపు చూస్తూ నిలబడ్డాను, ఆ మాట నాదని చెప్పలేదు, ఇంకా చెప్పలేదు.

సర్జన్ నాతోనే మాట్లాడుతున్నాడు, ఆపరేషన్‌లో ప్రాణం పోవచ్చు, బతికినా చూపు పోవచ్చు, చేయకపోతే కొన్ని నెలలే, ఆవిడకి చెప్పి ఆవిడ మాటే నాకు చెప్పు అంటున్నాడు, టాబ్లెట్ తెర మీద వీడియోలో తెలుగు వచ్చిన మనిషిని పిలుస్తామంటే నీరజ్ అక్కర్లేదు, మా వేద ఉందిగా అన్నాడు, వెంటనే వాళ్ళమ్మ ముందే, ఆవిడకి రాని ఇంగ్లీష్‌లో, అవన్నీ చెప్పకు, చిన్న గడ్డ, తీసేస్తారు అని చెప్పు చాలు అన్నాడు, ఏవంటున్నాడే డాక్టరు, ముగ్గురూ నా తల మీద గుసగుసలేంటి అంది అత్తయ్య, చిన్న గడ్డ అన్న మాట అప్పటికే నా నాలుక మీదికి వచ్చేసింది, ఎంత సులువుగా వచ్చిందో, ఆ రోజు తెలియక మార్చాను, ఇప్పుడు మారిస్తే తెలిసి మార్చడమే, కోయించుకునే తల ఆవిడది, ఊ అన్నా ఊహూ అన్నా ఆవిడే అనాలి.